టార్పాలిన్ తుమ్మింది

గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా
బిల్లు నా మోకాలి మీదే పెట్టి
ఇక్కడ గీకమన్నాడు.
నాలుగొందల పది టిక్కీలు, తేజ రకం, కలకత్తా.
ఎక్కించింది హమాలీలు,
లెక్కబెట్టింది మేస్త్రి,
కాటా దగ్గర ఎవరున్నారో నేను చూళ్లేదు.
సంతకం మాత్రం నాది.
కింద చీమల బారులా ఒక వాక్యం:
సరుకు తడిసినా తరిగినా డ్రైవరుదే పూచీ.
చీమల్ని ఎవరు చదువుతారు, కుట్టిందాకా.

ఆటోనగర్ దాటాక వాన మొదలైంది.
చేతులెత్తి ఇద్దరాడోళ్లు, మధ్యలో ఓ పిల్లోడు.
పొద్దుట్నుంచీ కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసిన వేళ్లు
వైపర్ల అవతల ఎర్రగా కనబడ్డాయి.
ఆఖరి బస్సు పోయిందంట.
కాజ దాకా అన్నా, అంది పెద్దామె.
పేరడిగితే సామ్రాజ్యం.

నాకు రూలు తెలుసు.
నాగుల్ మీరా బండి దుగ్గిరాల కాలవలో పడ్డప్పుడు నేర్చుకున్నా.
పైన ఆరుగురు కూలీలు, కింద పసుపు.
పసుపుకి బీమా వచ్చింది.
మనుషుల దగ్గరికొచ్చేసరికి కంపెనీ లాయరు
సరుకుల బండిలో మనుషులెక్కడ సార్ అన్నాడంట జడ్జీతో.
బస్తాలై ఉంటే డబ్బులొచ్చేవి.
మీరా ఇప్పుడు కొత్తపేటలో వాచ్‌మేను.
లైసెన్సు లేదు, నిద్ర కూడా.

ఎక్కమన్నాను.
పిల్లోడు కేబిన్లో, క్లీనరు బుడే పక్కన.
వాళ్లిద్దరూ పైన, టార్పాలిన్ కింద.
తడవకుండా పట్టుకోరా అని
తల్లి వాడి గుప్పిట్లో ఏదో కాగితం పెట్టింది.

నంబూరు దగ్గర టార్చిలైటు గుండ్రంగా తిరిగింది.
బ్రేకినస్పెక్టరు.
ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, వే బిల్లు,
అన్నీ ఉన్నాయి.
ఇంత సక్రమంగా ఉన్న మనిషిని చూసి
ఆయనకే అనుమానమొచ్చినట్టుంది,
బండి చుట్టూ తిరిగాడు. తాడు లాగి చూశాడు.
అప్పుడు
టార్పాలిన్ తుమ్మింది.

వానొక్కటే మాట్లాడింది కాసేపు.
మిర్చి సార్, ఘాటుకి... అన్నాడు బుడే.
మిర్చి తుమ్మదురా, తుమ్మిస్తది, అంటూ
ఆయనే రెండుసార్లు తుమ్మాడు.

దిగారు.
ఎవరి పూచీ మీద ఎక్కారమ్మా?
మా పూచీ మీదే, అంది సామ్రాజ్యం.
ఆయన చలానా పుస్తకం అటూ ఇటూ తిప్పాడు,
నిజంగానే వెతుకుతున్నట్టు.
ఇందులో ఆ గడి లేదమ్మా.
కసురుకోలేదు. చెయ్యి చాపలేదు.
అదే కష్టమైంది నాకు,
తిట్టుకోడానికి ఎవరూ మిగల్లేదు.
రాత్రికి రెండో సంతకం పెట్టాను.

సామ్రాజ్యం కొంగుముడి విప్పి ఇరవై నోటు ఇవ్వబోయింది.
తీసుకుంటే అది కిరాయి, ఇంకో సెక్షను.
తల అడ్డంగా ఊపాను.
చాలదన్నాననుకుందేమో,
ఇంకో పది తీసింది.

నిద్రపోయే పిల్లోణ్ణి భుజానేసుకుని
గోనెపట్టా కప్పుకుని
సర్వీసు రోడ్డు పట్టారు.
హెడ్‌లైట్లు వాళ్ల ముందు పడేట్టు
కాజ మలుపు దాకా నెమ్మదిగా తోలాను.
వెనక హారన్లు, బూతులు.

బెజవాడ దాటి, గన్నవరం దగ్గర టీకి ఆపితే
సీటు కింద నుంచి బుడే తీశాడు ఆ కాగితం.
కూలి చీటీ.
జి. సామ్రాజ్యం, వారంలో ఒలిచిన కాయ
రెండొందల నలభై కిలోలు.
శనివారం చూపిస్తేనే డబ్బులు.
అడుగున ఇక్కడా చీమలే:
చీటీ పోయిన యెడల యాజమాన్యం పూచీ పడదు.

శనివారానికి నేను ఒరిస్సాలో ఉంటాను.
ఆర్సీ కవర్లో పెట్టాను దాన్ని,
మళ్లీ తీశాను.
టీ మీద మీగడ కట్టింది.
బుడే ఏమీ అనడం లేదు,
స్టీరింగు ఎటు తిప్పుతానా అని
చూస్తున్నాడు.